లండన్‌లో టూరిస్ట్ పాస్ కొనకుండా ఎలా తిరిగామంటే

ఒకసారి డబ్బు కట్టేస్తే చాలా చోట్లు చూపించే టూరిస్ట్ పాస్ కొనాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో వీసా అపాయింట్‌మెంట్ గొడవ కంటే ఎక్కువ రోజులు నడిచింది. 2025 వేసవి సెలవుల్లో విజయవాడ నుంచి లండన్ వెళ్లాం. మా తమ్ముడు ఈస్ట్ హామ్‌లో ఉంటాడు కాబట్టి హోటల్ ఖర్చు లేదు. పొద్దున టిఫిను, రాత్రి భోజనం మా మరదలు చేతి మీదుగానే జరిగిపోయాయి. ఇక మిగిలింది తిరగడమే, కానీ అసలు ఖర్చంతా అక్కడే ఉంది. అప్పుడు పౌండు నూట పదిహేను రూపాయల పైమాటే. ఒక టికెట్ ముప్పై పౌండ్లంటే మనిషికి మూడున్నర వేలు. మేం నలుగురం: నేను, మా ఆయన, పన్నెండేళ్ల పాప, ఏడేళ్ల బాబు.

తమ్ముడికి ఆఫీసులో ఎవరో చెప్పారట. "అక్కా, మూడు రోజుల పాస్ తీసేసుకోండి. బోలెడన్ని చోట్లు, అన్నీ ఫ్రీ" అన్నాడు. "డబ్బులు ముందే కట్టించుకున్నాక ఇంకా ఫ్రీ ఏంట్రా?" అన్నారు మా ఆయన. నిజానికి నా అనుమానం కూడా అదే, కాకపోతే లెక్క వేయకుండా కాదనడం నాకు ఇష్టం లేదు.

ఈ పాసుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి రోజుల లెక్క. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు అని కొంటాం, ఆ రోజుల్లో లిస్టులో ఉన్నవి ఎన్నైనా చూడొచ్చు. రెండోది చోట్ల లెక్క. మూడు చోట్లు, నాలుగు చోట్లు అని కొని, కొన్ని వారాల్లో తీరిగ్గా వాడుకోవచ్చు. రోజుల పాస్‌లో ఒక చిన్న మెలిక ఉంది. అక్కడ రోజంటే ఇరవై నాలుగు గంటలు కాదు, క్యాలెండర్ రోజు. మధ్యాహ్నం మూడింటికి మొదటిసారి వాడితే ఆ పూటకే ఒక రోజు అయిపోయినట్టు. పైగా రోజులు వరసగానే నడుస్తాయి, మధ్యలో ఒక రోజు ఇంట్లో పడుకుంటే అదీ పోయినట్టే.

పాస్ వెబ్‌సైట్‌లో లిస్టు చూస్తూ కూర్చుంటే అన్నీ చూడాలనే అనిపిస్తుంది. అందుకని దాన్ని మూసేసి, ఇంట్లో అందరినీ ఎవరికేం చూడాలనుందో కాగితం మీద రాయమన్నాను. పాప డైనోసార్లు, టవర్ బ్రిడ్జి అని రాసింది. బాబుకి డ్రైవర్ లేని రైలు ఎక్కాలి, పడవ ఎక్కాలి. మా ఆయనకి లార్డ్స్ మైదానం, కోహినూర్. నాకు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు, ఎత్తు మీద నుంచి ఊరు మొత్తం కనిపించే చోటు ఏదైనా ఒకటి, రాజుల సమాధులున్న వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చి.

ఆ కాగితం పక్కన టికెట్ ధరలు రాస్తూ పోతే తెలిసింది, మేం కోరుకున్నవాటిలో సగానికి పైగా వాటికి అసలు టికెట్టే లేదని. డైనోసార్లున్న నేచురల్ హిస్టరీ మ్యూజియం, దాని పక్కనే సైన్స్ మ్యూజియం, ఎదురుగా విక్టోరియా అండ్ ఆల్బర్ట్, ఇంకా బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్ — వీటన్నిట్లో శాశ్వతంగా ఉండే ప్రదర్శనలకి ప్రవేశం ఉచితం. ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రమే టికెట్ ఉంటుంది. టవర్ బ్రిడ్జి మీద నడవడానికి డబ్బులక్కర్లేదు. వంతెన పైకి లేచే టైమింగ్స్ కూడా ముందే ఇస్తారు, అవి చూసుకుని వెళ్తే అదీ ఉచితమే.

డబ్బు కట్టాల్సినవి మూడు తేలాయి. కోహినూర్ ఉన్న టవర్ ఆఫ్ లండన్ కోట, ఆబీ, లార్డ్స్ టూర్. టవర్ టికెట్ అప్పుడు పెద్దవాళ్లకి 35 పౌండ్ల చిల్లర, పిల్లలకి అందులో సగం. నలుగురికీ కలిపి 105, 110 పౌండ్ల మధ్య తేలింది. ఒక్క రోజు పాస్ ఒక్క పెద్ద మనిషికే వంద పౌండ్ల దగ్గర ఉంది. అంటే ఇద్దరికి ఒక రోజు పాస్ కొనే డబ్బుతో మా కుటుంబమంతా టవర్ చూసొచ్చాక కూడా ఇంకో చోటికి మిగులుతుంది. ఇక పాస్ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

పాస్ అందరికీ దండగ అని మాత్రం అనను. మా ఆయన స్నేహితుడి కొడుకు, కోడలు రెండే రోజులకి వచ్చారు, చిన్న పిల్లలు లేరు. పొద్దున తొమ్మిదికల్లా మొదటి చోట ఉండి, రోజుకి నాలుగేసి చూశారు. వాళ్లకి గిట్టుబాటు అయింది. ఏడేళ్ల పిల్లాడితో రోజుకి రెండు చోట్లు చూస్తే గొప్ప. టవర్ ఒక్కదానికే మూడు గంటలు పడుతుంది. ఆబీలో మామూలు రోజుల్లో సందర్శకులకి చివరి ప్రవేశం మధ్యాహ్నం మూడున్నర, ఆదివారం అసలు సందర్శకులని లోపలికి పంపరు. ఈ టైమింగ్స్ అన్నీ పక్కపక్కన పెట్టుకుంటే "ఎన్నైనా చూడొచ్చు" అన్న మాటకి అర్థం ఎంత చిన్నదో తెలుస్తుంది.

టవర్‌లో కోహినూర్ గురించి చెప్పాలి. ఆ వజ్రం దొరికిన కొల్లూరు గని కృష్ణా ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉందని అంటారు. ఇప్పుడు ఆ చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. మా పుట్టిల్లు ఆ పక్కనే. లండన్‌లో ఆ రాయి క్వీన్ ఎలిజబెత్ ది క్వీన్ మదర్ కోసం 1937లో చేయించిన కిరీటంలో ఉంది. కిరీటాలుంచిన జువెల్ హౌస్‌లో ఫోటోలు తీయనివ్వరు. కిరీటాల ముందు మెల్లగా కదిలే నడకదారి ఉంటుంది, నిలబడితే అదే ముందుకి తీసుకెళ్లిపోతుంది. మా ఆయన మళ్లీ వెనక్కొచ్చి రెండోసారి ఎక్కారు. "మనూరి రాయి చూడటానికి మనమే నాలుగు వేలు కట్టాలా?" అని సణుగుతూనే ఎక్కారు. పొద్దున తెరవగానే నేరుగా అక్కడికే వెళ్తే జనం తక్కువ. మధ్యాహ్నానికి బయట వరస బాగా పెరుగుతుంది.

అమరావతి శిల్పాలకి మాత్రం పైసా లేదు. బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ నంబరు గదిలో ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి ముందు మద్రాసు చేరి, అక్కణ్నుంచి 1859లో లండన్ వచ్చాయి. బ్రిటిష్ మ్యూజియానికి 1880లో చేరాయి. అందుకే వీటిని చాలాకాలం ఇలియట్ మార్బుల్స్ అనేవాళ్లు. పేరుకి మార్బుల్స్ అన్నారు గానీ అది మన పల్నాటి సున్నపురాయే. తెల్లటి రాతి పలకల మీద స్తూపం, దాని చుట్టూ ప్రాకారం, ఏనుగులు, మొక్కుతున్న జనం, ఆ నగలు, ఆ జడలు చూస్తూ ఉండిపోయాను. అమరావతి ఎన్నిసార్లు వెళ్లినా అక్కడ మట్టి దిబ్బ, మ్యూజియంలో కొన్ని ముక్కలే చూశాను నేను. మహాస్తూపం కట్టినప్పుడు ఎలా ఉండేదో ఈ గదిలోనే కొంత ఊహకి అందింది. శుక్రవారం ఈ మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక వెళ్తే ఆ గదిలో మేం తప్ప ఇద్దరు ముగ్గురే ఉన్నారు. ప్రవేశం ఉచితమైనా ముందే ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్ పెట్టుకుంటే గేటు దగ్గర నిలబడే పని తగ్గుతుంది. నేచురల్ హిస్టరీ మ్యూజియానికైతే శనాదివారాల్లో ఇది తప్పనిసరి అనే అంటాను.

ఎత్తు మీద నుంచి చూడటానికి లండన్ ఐ అనే పెద్ద చక్రం, షార్డ్ భవనం అని డబ్బులు పోసే దారులు చాలా ఉన్నాయి. మేం స్కై గార్డెన్‌కి వెళ్లాం. ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో ఒక ఆకాశహర్మ్యం పైన 35వ అంతస్తు నుంచి మొదలయ్యే తోట అది. ప్రవేశం ఉచితం, కానీ టికెట్ ముందే తీసుకోవాలి. మూడు వారాల ముందు దాకా తేదీలు సోమవారాల్లో విడుదల చేస్తారు. సాయంత్రం పూట స్లాట్లు చూస్తుండగానే అయిపోతాయి. మా పాప విజయవాడలోనే ఫోన్ పట్టుకుని కూర్చుని తీసింది. తిరుమల దర్శనం టికెట్లు బుక్ చేసిన ఇంట్లో పిల్లలకి ఇదొక లెక్కా!

ఆబీ విషయంలో వేరే దారి పట్టాం. అక్కడ సాయంత్రం ఈవెన్‌సాంగ్ అని ప్రార్థన ఉంటుంది, ఎవరైనా ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు. పిల్లల బృందగానం వింటూ ఆ ఎత్తైన కప్పు కింద గంటసేపు కూర్చున్నాం. అయితే ఇది చౌకగా ఆబీ చూసే ఉపాయం అనుకుని వెళ్తే నిరాశ తప్పదు. అటూ ఇటూ తిరగనివ్వరు, సమాధులు చూడనివ్వరు, ఫోటోలు ఉండవు. మన గుళ్లో హారతి వేళ బయటివాళ్లు ఎలా ఉండాలనుకుంటామో అక్కడ మనం అలా ఉండాలి. రాజుల సమాధులన్నీ దగ్గరగా చూడాలంటే టికెట్ కొనుక్కోవడమే మంచిది.

ఇక ఊళ్లో ప్రయాణాలు. డబ్బు ఆదా అయ్యేది నిజంగా ఇక్కడే, మన వాళ్లు ఎక్కువగా గజిబిజి పడేదీ ఇక్కడే. లండన్ మెట్రో, బస్సు, డ్రైవర్ లేకుండా నడిచే డీఎల్‌ఆర్ రైలు అన్నిట్లో బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, విడిగా టికెట్ అక్కర్లేదు. బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోవడమే మానేశారు. రోజు మొత్తం ఎన్నిసార్లు ఎక్కినా ఒక పరిమితి దాటాక డబ్బు కోయరు. ఊరిని మధ్య నుంచి బయటికి జోన్లుగా లెక్కేస్తారు, మేం ఉన్నప్పుడు జోన్ ఒకటి నుంచి మూడు దాకా రోజుకి 10.50 పౌండ్లు ఆ పరిమితి. మూడు నాలుగు ప్రయాణాలు అయ్యేసరికి అక్కడికి చేరతాం, ఆ తర్వాత ఎంత తిరిగినా అంతే. అలాంటప్పుడు రోజు ట్రావెల్ పాస్ అని విడిగా కొనాల్సిన పని మాకు కనిపించలేదు.

దీనికి కొన్ని షరతులున్నాయి. మనిషికొక కార్డు ఉండాలి. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డు తాకిస్తే కుదరదు. పొద్దున కార్డు, మధ్యాహ్నం అదే కార్డు పెట్టిన ఫోను తాకిస్తే రెండూ వేరు వేరు లెక్కలోకి పోతాయి, పరిమితి కలవదు. మెట్రోలో దిగేటప్పుడు కూడా తాకించాలి, లేకపోతే గరిష్ఠ చార్జీ పడుతుంది. వారం పరిమితి కూడా ఉంది గానీ అది సోమవారం నుంచి ఆదివారం దాకానే లెక్క. మేం బుధవారం దిగాం కాబట్టి మొదటి వారంలో దాని వల్ల మాకేం కలిసిరాలేదు. ప్రయాణం తేదీలు మన చేతిలో ఉంటే వారం మొదట్లో దిగడం లాభం.

మన కార్డుల సంగతి ఒకటి. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ ఆపేసి ఉంటాయి. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో రెండూ ఆన్ చేసుకోవాలి. ఫారెక్స్ మార్కప్, అంటే విదేశాల్లో వాడితే బ్యాంకు వేసే అదనపు రుసుము కూడా చూసుకోవాలి, చాలా కార్డులకి మూడు శాతం పైనే, దాని మీద జీఎస్టీ. మార్కప్ లేని కార్డు ఒకటి మా ఆయనకి ఉంది. నేను ఫారెక్స్ కార్డు చేయించుకున్నాను.

బాబు టికెట్ గొడవే లేదు. పదకొండేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి ఉచితంగా వెళ్లొచ్చు, వెడల్పు గేటులోంచి నాతో పాటే వచ్చేవాడు. పాపకి పన్నెండేళ్లు కాబట్టి టికెట్ ఉంది. బ్యాంకు కార్డు వాడితే పెద్దవాళ్ల చార్జీ పడుతుంది. దానికి మార్గం ముందే డబ్బు వేసుకుని తాకించే ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు. పదకొండు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి యంగ్ విజిటర్ డిస్కౌంట్ అని ఉంది. మెట్రో స్టేషన్‌లో సిబ్బందిని అడిగితే ఆయిస్టర్ మీద ఎక్కిస్తారు, పధ్నాలుగు రోజుల దాకా చార్జీలూ, రోజు పరిమితీ సగానికి సగం. అడిగితేనే చేస్తారు, మిషన్‌లో మనంతట మనం చేసుకునేది కాదు. కొత్త ఆయిస్టర్‌కి అప్పుడు 7 పౌండ్లు, అది తిరిగి రాదు, ఆ తర్వాత 10 చేశారు. తమ్ముడి దగ్గర పాతదొకటి ఖాళీగా పడుంది. దాని మీదే వేయించాం.

హీత్రో విమానాశ్రయం నుంచి ఇంటికి మెట్రో పికడిలీ లైన్‌లోనే వచ్చాం. అప్పుడు మనిషికి ఆరు పౌండ్ల లోపు. అప్పట్లోనే ఎలిజబెత్ లైన్‌లో 13 పైమాట, హీత్రో ఎక్స్‌ప్రెస్‌లో అప్పటికప్పుడు కొంటే 25 దగ్గర. పికడిలీ నెమ్మది, నిజమే. కానీ హామర్‌స్మిత్‌లో దిగి అదే ప్లాట్‌ఫాం మీద అటువైపు వచ్చే డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే నేరుగా ఈస్ట్ హామ్. సూట్‌కేసులతో మెట్లెక్కే పని లేదు. ఆ డిస్ట్రిక్ట్ లైనే మాకు ప్రాణం. టవర్, వెస్ట్‌మిన్‌స్టర్, మ్యూజియంలున్న సౌత్ కెన్సింగ్టన్ అన్నీ దాని మీదే ఉన్నాయి. బస ఎక్కడ తీసుకోవాలో చూసుకునేటప్పుడు గది అద్దెతో పాటు ఇదీ చూసుకుంటే మంచిది.

టూరిస్ట్ బస్సు బదులు 15 నంబరు సిటీ బస్సు పై అంతస్తులో ముందు సీట్లో కూర్చున్నాం. టవర్ దగ్గర ఎక్కితే సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్, స్ట్రాండ్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా. అప్పుడు 1.75 పౌండ్లు. గంటలోపు ఇంకో బస్సు మారినా మళ్లీ డబ్బు పడదు. పడవకి మాత్రం రోజు పరిమితి వర్తించదు. వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి గ్రీనిచ్ దాకా నది మీద వెళ్లి, గ్రీనిచ్‌లో నది అడుగున 1902లో కట్టిన నడక సొరంగంలోంచి అవతలి ఒడ్డుకి నడిచి, అక్కడ డీఎల్‌ఆర్ ఎక్కాం. డ్రైవర్ లేని ఆ రైల్లో మొదటి సీటు దొరికేదాకా మా వాడు రెండు రైళ్లు వదిలేయించాడు.

ఊరి బయటి రైళ్ల లెక్క పూర్తిగా వేరు. మనకి అలవాటైన వెయిటింగ్ లిస్టు, తత్కాల్ అక్కడ ఉండవు. సాధారణంగా ఆలస్యంగా కొంటే ధర ఎక్కువ పడుతుంది. అడ్వాన్స్ టికెట్లు సాధారణంగా పన్నెండు వారాల ముందు నుంచి దొరుకుతాయి. అవి ఆ తేదీన, ఆ రైలుకే చెల్లుతాయి. ఆఫ్-పీక్ టికెట్‌తో రద్దీ లేని వేళల్లో ఏ రైలైనా ఎక్కొచ్చు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోకి అడ్వాన్స్ తీసుకున్నాం, ఇంట్లోనే ఉండగా. రైల్వే సంస్థల సొంత వెబ్‌సైట్లలో బుకింగ్ ఫీజు ఉండదు, ఏ సంస్థ సైట్‌లోనైనా మిగతా సంస్థల రైళ్ల టికెట్లు కూడా దొరుకుతాయి. కొన్ని యాప్‌లు ఫీజు వేస్తాయి.

మాకు బాగా కలిసొచ్చింది ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు. ఏడాదికి 35 పౌండ్లు. అయిదు నుంచి పదిహేనేళ్ల దాకా వయసున్న పిల్లలు కనీసం ఒకరుండాలి. అప్పుడు నలుగురు పెద్దవాళ్ల దాకా మూడో వంతు, నలుగురు పిల్లల దాకా అరవై శాతం తగ్గింపు. అక్కడివాళ్లే కొనాలన్న నియమం లేదు. కార్డు మీద రెండు పేర్లు పెట్టుకోవచ్చు. నా పేరు, తమ్ముడి పేరు పెట్టాం. ఎడిన్‌బరోకి ఒక వైపు టికెట్లలోనే కార్డు డబ్బు చాలావరకు వచ్చేసింది. మేం వచ్చేశాక తమ్ముడు తన ఆరేళ్ల కొడుకుతో ఎక్కడికి వెళ్లినా అదే కార్డు వాడుతున్నాడు. పిల్లలు లేకుండా ముగ్గురు, అంతకన్నా ఎక్కువ పెద్దవాళ్లుంటే కార్డే అక్కర్లేదు. చాలా రైళ్లలో ఆఫ్-పీక్ టికెట్ మీద గ్రూప్‌సేవ్ అని మూడో వంతు తగ్గిస్తారు. ఒకే ప్రయాణాన్ని రెండు ముక్కలుగా కొంటే చౌక అని స్ప్లిట్ టికెట్ల గురించి తమ్ముడు తెగ చెప్పాడు. చూస్తే మాకు మిగిలేది ఒకటి రెండు పౌండ్లు. అంత చిన్న మొత్తానికి రెట్టింపు టికెట్లు ఫోన్‌లో వెతుక్కునే టెన్షన్ ఎందుకని వదిలేశాను.

ఒక శనివారం రెండు కుటుంబాలూ కలిసి కేంబ్రిడ్జ్ వెళ్లొచ్చాం. అదే రైల్‌కార్డు మీద ఏడుగురం. లండన్ నుంచి కేంబ్రిడ్జ్‌కి కింగ్స్ క్రాస్ నుంచి వెళ్తే యాభై నిమిషాలు, లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి ఇంకాస్త ఎక్కువ. తక్కువ ధరలు చాలాసార్లు రెండో దారిలో ఉంటాయి, ఒకే సంస్థ రైళ్లకి చెల్లే టికెట్ తీసుకుంటే. కాలేజీల్లో కొన్ని లోపలికి డబ్బు తీసుకుంటాయి. మేం వీధుల్లో, నది ఒడ్డున నడిచి, ఫిట్జ్‌విలియం మ్యూజియం చూశాం, అది ఉచితం. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి చదివింది ఇక్కడి సెయింట్ జాన్స్ కాలేజీలోనే అని మా ఆయన చెప్తే, పిల్లలు అప్పటికే పులిహోర డబ్బా తెరిచి ఉన్నారు.

రైలు మీద రెండు మాటలు మిగిలాయి. ఎడిన్‌బరో నుంచి తిరిగొచ్చే రైలు అరగంట దాటి ఆలస్యం అయింది. అక్కడ డిలే రీపే అని ఉంది. అరగంట దాటితే ఆ టికెట్‌లో సగం తిరిగిస్తారు. ఆన్‌లైన్‌లో ఫారం నింపితే కొద్ది రోజుల్లో డబ్బు వచ్చింది. ఆలస్యాన్ని ఎవరూ మనకి వచ్చి చెప్పరు, టికెట్ దాచుకుని మనమే అడగాలి.

లండన్ బయట రెడింగ్ లాంటి ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండేవాళ్లకి ఇంకో వసతి ఉంది. రైలు టికెట్ మీద లండన్‌కి వస్తే కొన్ని చూడదగ్గ చోట్ల ఇద్దరికి ఒక టికెట్ డబ్బే కట్టే టూ ఫర్ వన్ పథకం అది. ముందుగా వోచర్ తీసుకోవాలి, రైలు టికెట్ చూపించాలి. కాంటాక్ట్‌లెస్ కార్డు తాకించి వచ్చేవాళ్లకి వర్తించదు కాబట్టి మాకు పనికి రాలేదు. చోట్ల లిస్టు మారుతూ ఉంటుంది, వెళ్లే వారం చూసుకోవాలి.

పాప వాడిన ఆయిస్టర్‌లో చివరికి కొన్ని పౌండ్లు మిగిలాయి. మిషన్‌లో వెనక్కి తీసుకోవచ్చు, కానీ ఆ బ్యాలెన్స్‌కి గడువు ఉండదు కాబట్టి కార్డు తమ్ముడికే ఇచ్చేశాను. వాడి అత్తమామలు నెల్లూరు నుంచి వచ్చినప్పుడు వాడుకుంటారు. అప్పటికి పిల్లల డిస్కౌంట్ దాని మీద ఉండదు, పెద్దవాళ్ల చార్జీనే పడుతుంది.